ఇంటిపేరు చెప్పే కథ: కాటన్ దొరగారి వంశనామం
(సంఘం వార్షికోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



కార్యదర్శిగారు నన్ను ఒక అరగంటసేపు ఏదైనా విషయం మీద మాట్లాడమని ఆజ్ఞాపించారు. డి.ఏ. బకాయిల గురించి, వైద్య ఖర్చుల రీయింబర్స్‌మెంటు గురించి నాకంటే బాగా చెప్పగలవారు ఈ వేదిక మీదే ఉన్నారు. అందుచేత ఆ జోలికి పోకుండా, పదవీ విరమణ తరువాత నేను కాస్త చదువుకున్న విషయం ఒకటి మీ ముందుంచుతాను. అది ఇంటిపేర్లను గురించి. మన ఇంటిపేరు కాదు, ఒక ఇంగ్లీషు ఇంటిపేరు. అయినా మనకు పరాయిది కాదు. కాటన్ అనే పేరు.

నేను నీటిపారుదల శాఖలో గుమాస్తాగా చేరి, సీనియర్ అసిస్టెంటుగా దిగిపోయినవాణ్ణి. సర్వీసులో ఎక్కువ కాలం ధవళేశ్వరంలో గడిచింది. 1982లో పూర్తయిన కొత్త బ్యారేజీ పనులు సాగుతుండగా నేను అక్కడే ఫైళ్లు మోశాను. ఆ ఊళ్లో కాటన్ పేరు వినపడని రోజుండదు. కాటన్ బ్యారేజీ, కాటన్ విగ్రహం, కాటన్ మ్యూజియం. చూడవచ్చిన యాత్రికులు, ముఖ్యంగా బడిపిల్లలు, తప్పకుండా అడిగే ప్రశ్న ఒకటుండేది. "కాటన్ అంటే పత్తి కదండీ, ఆ దొరగారి తాతలు పత్తి వ్యాపారం చేశారా?" అని. ఆ ప్రశ్నకు జవాబే నేటి నా ప్రసంగం.

జవాబు మొదట చెప్పేస్తాను. ఆ పేరుకీ పత్తికీ ఏ సంబంధమూ లేదు. కాటన్ అంటే గుడిసెలు.

పూర్వపు ఇంగ్లీషులో గుడిసెను 'కాట్' అనేవారు. నేటి కాటేజీ అన్న మాటలోనూ ఉన్నది అదే. 'గుడిసెల దగ్గర' అని చెప్పాలంటే ఆ మాటకు ఒక విభక్తి ప్రత్యయం చేర్చి 'కాటుమ్' అనేవారు. నాలుగు గుడిసెలున్న చోటుకి అదే పేరు పడింది. వాడగా వాడగా కొన్నిచోట్ల కోటన్ అనీ, కొన్నిచోట్ల కాటన్ అనీ నిలిచింది. ఇంగ్లండు నడిమి జిల్లాల్లో ఇటువంటి ఊళ్లు పదుల సంఖ్యలో ఉన్నాయి. కేంబ్రిడ్జి పక్కన కోటన్ ఉంది, స్టాఫర్డ్‌షైరులో కాటన్ ఉంది. ఇక పత్తి అనే అర్థంగల కాటన్ అరబ్బీ మాట. 'ఖుత్న్' అనే ఆ మాట ఫ్రెంచి వారి నోట పడి ఇంగ్లండు చేరింది. రెండు వేర్వేరు మాటలు చివరికి ఒకే ఉచ్చారణకు దిగాయి. మన భాషలో 'పాలు' అంటే క్షీరమూ అవుతుంది, వాటాలూ అవుతుంది కదా, అటువంటిదే ఇదీ.

ఇక్కడ నాకు ముచ్చటగా తోచిన సంగతి ఒకటి మనవి చేస్తాను. మన ఇంటిపేర్లలో చాలా భాగం ఊరిపేర్లే. కందుకూరు నుంచి రాజమహేంద్రవరం వచ్చి స్థిరపడ్డవారు కందుకూరివారయ్యారు. వీరేశలింగం పంతులుగారి వంశం అదే. ఊరు 'కందుకూరు', ఇంటిపేరు 'కందుకూరి'. చివరనున్న ఆ ఇకారం 'యొక్క' అనే అర్థాన్నిచ్చే వ్యాకరణపు ముక్క. కాటన్‌లో చివరనున్న 'అన్' కూడా అంతే, 'దగ్గర' అనే అర్థాన్నిచ్చిన పాత ప్రత్యయపు ముక్క. ఆ దేశంలో ఆ ప్రత్యయం భాషలోంచే పోయింది. ఇంటిపేరులో మాత్రం శిలాక్షరంలాగా మిగిలింది. సముద్రాలకు అవతల ఉన్నవాళ్లకూ, మనకూ ఒకే ఆలోచన తట్టింది. 'ఎవరు నువ్వు?' అంటే ముందుగా 'ఎక్కడినుంచి వచ్చావు?' అనే అర్థం.

అసలు ఇంగ్లండులో ఇంటిపేర్లు ఎప్పుడు వచ్చాయి? 1066లో నార్మన్లు ఆ దేశాన్ని జయించక ముందు సామాన్యంగా మనిషికి ఒక్క పేరే. నార్మన్ ప్రభువులు తమ పేరు వెనక తమ ఊరిని చేర్చి చెప్పుకునే అలవాటు తెచ్చారు. భూస్వాములతో మొదలై, 14వ శతాబ్దం వచ్చేసరికి అది సామాన్య జనంలోకి దిగి, తండ్రినుంచి కొడుక్కి సంక్రమించసాగింది. ఈ పేర్లు స్థూలంగా నాలుగు రకాలు. వృత్తిని బట్టి స్మిత్ అంటే కమ్మరి. తండ్రిని బట్టి జాన్సన్ అంటే జాన్ కొడుకు. రూపాన్ని బట్టి బ్రౌన్ అంటే గోధుమరంగు జుట్టో ఛాయో కలవాడు. ఊరిని బట్టి కాటన్. మనకు తెలిసిన దొరలతోనే చెప్పాలంటే, మన నిఘంటుకర్త సి.పి. బ్రౌన్ పేరు రంగు చెబుతుంది. కైఫియత్తులు సేకరించిన కల్నల్ మెకంజీ స్కాట్లండువాడు, ఆయన పేరు 'కెన్నెత్ కొడుకు' అంటుంది. గోదావరి ఆనకట్ట కట్టిన కాటన్ పేరు గుడిసెలు చెబుతుంది.

నార్విచ్ మఠంలో బార్తలోమ్యూ డి కాటన్ అనే సన్యాసి ఉండేవాడు. చరిత్ర రాశాడు. పేరులోని 'డి' అనే అక్షరం చూడండి. 'ఫలానా ఊరి' అని దాని అర్థం. పత్తి వ్యాపారికి ఆ 'డి' అక్కరలేదు. గుమాస్తా ఉద్యోగం చేసినవాడికి ఇటువంటి చిన్న గుర్తే పెద్ద సాక్ష్యం.

ఈ సందర్భంగా మన వృత్తివారిని కూడా తలచుకోవాలి. ఇంగ్లండులో 1377, 1379, 1381 సంవత్సరాల్లో తలపన్ను వేశారు. పన్ను వేయాలంటే పట్టిక కావాలి, పట్టికకు పేర్లు కావాలి. ఒకే ఊళ్లో పదిమంది జాన్‌లుంటే ఎవరు కట్టారో ఎవరు ఎగ్గొట్టారో తేలేదెలా? అలా రాతకోతల అవసరం కూడా ఇంటిపేరును స్థిరపరచింది. ఆ తరువాత 1538లో, ఎనిమిదో హెన్రీ మంత్రి థామస్ క్రామ్‌వెల్, ప్రతి చర్చిలోనూ జ్ఞానస్నానాలు, పెళ్లిళ్లు, ఖననాలు రిజిస్టరులో రాయాలని ఉత్తర్వు చేశాడు. జనంలో చాలామందికి చదువు రాదు. రాసేవాడు చెవికి వినపడ్డట్టు రాశాడు. ఒక చోట కాటన్, ఒక చోట కోటన్, ఇంకోచోట కాటెన్. ఆ కలం రాసిన అక్షరమే కొన్ని కుటుంబాలకు తరతరాల పేరైంది. మన సర్వీసు రిజిస్టర్ల సంగతి తెలిసిన మీకు ఇంతకంటే వివరంగా చెప్పనక్కరలేదు.

సరే, ఊళ్లు పదులకొద్దీ ఉన్నప్పుడు, ఆ ఊళ్లనుంచి బయటికి వెళ్లిన కుటుంబాలూ పదులకొద్దీ ఉంటాయి. కాబట్టి కాటన్ అన్న పేరున్నవారంతా ఒక తాత మనుమలు కారు. ఇంటిపేరు ఒకటైతే రక్తం ఒకటే అనుకోవడం మన దగ్గరా పొరపాటే. ఒకే ఇంటిపేరు వేర్వేరు కులాల్లో, వేర్వేరు గోత్రాల్లో ఉండటం మనం రోజూ చూస్తున్నదే కదా. వాళ్లంతా ఒకప్పుడు ఒక ఊరిమీదుగా వచ్చారు, అంతవరకే.

ఇప్పుడు ఈ పేరు ఏ దారులవెంట లోకం తిరిగిందో చూద్దాం. నాకు నాలుగు దారులు కనిపించాయి.

మొదటిది భూమి దారి. మన ఆర్థర్ కాటన్ శాఖవారు ష్రాప్‌షైర్, చెషైర్ ప్రాంతం వారు. చెషైరులో కూంబర్‌మియర్ అనే చోట 12వ శతాబ్దంనాటి క్రైస్తవ మఠం ఉండేది. ఎనిమిదో హెన్రీ మఠాలన్నీ రద్దుచేసి ఆ భూములు తనవాళ్లకు పంచినప్పుడు, 1539లో ఆ మఠం జార్జి కాటన్ అనే ఆయన పరమైంది. 1677లో ఆ వంశానికి బారోనెట్ బిరుదు వచ్చింది. గుడిసెల పేరుగల కుటుంబం భవంతిలో చేరింది.

రెండోది పెళ్లి దారి. కాటన్‌లలో మరో ప్రసిద్ధ శాఖ హంటింగ్డన్‌షైరులోని కోనింగ్టన్ వారిది. స్టాఫర్డ్‌షైరులోని రిడ్‌వేర్ నుంచి వచ్చిన ఒక కాటన్, పెళ్లిద్వారా ఆ ఎస్టేటుకు వారసుడయ్యాడు. ఆ వంశంలో 1571లో పుట్టినవాడు సర్ రాబర్ట్ కాటన్. తమకు స్కాట్లండు రాజు రాబర్ట్ బ్రూస్‌తో చుట్టరికం ఉందని చాటుకోవడానికి తన పేరు మధ్యలో బ్రూస్ అని చేర్చుకున్నాడు. వంశగౌరవం పిచ్చి ఎక్కడైనా ఒకటే! కాని ఆయన నిజమైన గౌరవం ఆ బ్రూస్‌లో లేదు. మఠాలు పోయినప్పుడు చెల్లాచెదరైన వ్రాతప్రతులను జీవితమంతా ఏరి, దాచాడు. 1215నాటి మాగ్నా కార్టా ప్రతులు నేడు నాలుగే మిగిలాయి, అందులో రెండు ఆయన దాచినవే. ప్రాచీన ఇంగ్లీషు కావ్యం బేవుల్ఫ్‌కు ఉన్న ఏకైక వ్రాతప్రతి కూడా ఆయన బీరువాలోదే. ఆ కాగితాల్లో ప్రభుత్వానికి ఇబ్బంది కలిగించేవి ఉన్నాయని 1629లో రాజు ఆ గ్రంథాలయాన్ని మూయించాడు. తాళం తిరిగి తన చేతికి రాకుండానే 1631లో ఆయన కన్నుమూశాడు. ఆయన మనుమడి కాలంలో అది జాతిపరమైంది. 1731లో అగ్నిప్రమాదం కొంత మింగింది. మిగిలింది 1753లో బ్రిటిష్ మ్యూజియం ఏర్పడినప్పుడు దానికి పునాది అయింది. నేటికీ ఆ ప్రతుల నంబర్ల ముందు కాటన్ అనే ఉంటుంది. రికార్డు రూములో చెమటోడ్చిన మనబోటివాళ్లు ఆయనకొక నమస్కారం పెట్టాలి.

మూడోది మతం దారి. డెర్బీలో 1585లో పుట్టిన జాన్ కాటన్, లింకన్‌షైరులోని బోస్టన్ పట్టణంలో మతాచార్యుడు. ప్రభుత్వ చర్చి పద్ధతులు ఆయనకు సరిపడలేదు. అరెస్టు భయంతో 1633లో ఓడెక్కి అమెరికాలోని బోస్టన్ చేరాడు. ఓడలో ఆయన భార్య ప్రసవించింది. ఆ బిడ్డకు సీబోర్న్ అని పేరు పెట్టారు, అంటే సముద్రంలో పుట్టినవాడు అని. జాన్ కాటన్ కుమార్తె మేరియా, ఇంక్రీజ్ మాథర్ అనే మతాచార్యుణ్ణి పెళ్లాడింది. పెళ్లితో ఆమె కాటన్ పేరు పోయింది. కాని 1663లో పుట్టిన కొడుక్కి ఆమె పుట్టినింటి పేరునే సొంతపేరుగా పెట్టారు. అతడే కాటన్ మాథర్. 1721లో బోస్టన్‌లో మశూచి చెలరేగినప్పుడు టీకాకు ముందున్న పద్ధతి, అంటే మశూచి రసిని చర్మంలోకి ఎక్కించే పద్ధతిని ప్రోత్సహించినవాడు. ఆ పద్ధతిని ఆయనకు చెప్పింది ఆయన ఇంట్లో బానిసగా ఉన్న ఒనెసిమస్ అనే ఆఫ్రికా మనిషి.

బానిస అన్న మాట వచ్చింది కాబట్టి మరొక మాట. 1865లో అమెరికాలో బానిసత్వం పోయాక, విముక్తులైనవారిలో చాలామంది ఇంగ్లీషు ఇంటిపేర్లతో లెక్కల్లోకెక్కారు. వాళ్లలో అత్యధికుల పేర్లు ఇంటిపేర్లతోసహా మొదటిసారి జనాభా లెక్కల్లో కనిపించేది 1870లో. అందుచేత నేడు అమెరికాలో కాటన్ పేరుగల నల్లజాతివారు ఎందరో ఉన్నారు. మౌత్ ఆర్గన్ వాయించడంలో లోకప్రసిద్ధుడైన జేమ్స్ కాటన్ 1935లో మిసిసిపీ రాష్ట్రంలో పుట్టి పత్తి చేలలో పెరిగాడు. 2017లో మరణించాడు. పత్తి చేలో పెరిగినవాడి పేరు కాటన్, కాని ఆ పేరుకు అర్థం గుడిసెలు. ఒక పేరు ఎన్ని బతుకుల మీదుగా ప్రయాణించిందో చూడండి.

నాలుగోది ఉద్యోగం దారి. మనకు కావలసింది ఇదే. ఇంగ్లండు భూస్వాముల ఇళ్లలో ఆస్తీ బిరుదూ పెద్దకొడుక్కి పోతాయి. తక్కినవాళ్లు సైన్యంలోనో, చర్చిలోనో, ఈస్టిండియా కంపెనీలోనో బతుకు వెతుక్కోవాలి. ఆర్థర్ కాటన్ తండ్రి హెన్రీ కాల్వెలీ కాటన్, కూంబర్‌మియర్ వంశంలో చిన్నకొడుకులకు చెందినవాడు. ఆయనకు పదకొండుగురు కొడుకులు. అందులో పదోవాడు మన ఆర్థర్, 1803లో పుట్టాడు. పదో కొడుక్కి ఏ భవంతి వస్తుంది? 1819లో మద్రాసు ఇంజనీర్ల దళానికి ఎంపికై, 1821లో ఓడ దిగాడు. భూమి దొరకని పదో కొడుకు వల్ల మన డెల్టా భూములకు నీరు దొరికింది.

ఆయన పెదనాన్న కొడుకు స్టేపుల్టన్ కాటన్ 1799 శ్రీరంగపట్నం యుద్ధంలో ఉన్నాడు, ఆ తరువాత భారత సేనాధిపతిగా 1826లో భరత్‌పూర్ కోట పట్టి వైకౌంట్ కూంబర్‌మియర్ అయ్యాడు. ఆర్థర్ అన్న సిడ్నీ కాటన్ ఆస్ట్రేలియాలో మోర్టన్ బే ఖైదీల వలసకు అధిపతిగా చేసి, 1857లో పెషావరులో ఉన్నాడు. బెంగుళూరులో, సిమ్లాలో ఉన్న బిషప్ కాటన్ స్కూళ్ల పేరు విన్నారు కదా, ఆ జార్జి కాటన్ కలకత్తా బిషప్‌గా ఉండి, 1866లో కుష్టియా దగ్గర నదిలో పడి పోయాడు. 1904లో బొంబాయి కాంగ్రెసుకు అధ్యక్షత వహించిన సర్ హెన్రీ కాటన్ కుంభకోణంలో పుట్టినవాడే గాని, ఆయనది సెంట్ ఆల్బన్స్ పట్టణపు వైద్యుడు నేథనియల్ కాటన్ సంతతి. ఆనకట్ట కట్టింది ఆయనేనని కొందరు పొరబడుతుంటారు. పేరు ఒకటే, కొమ్మ వేరు.

ఆర్థర్ కాటన్ చేసిన పని ఈ సభలో నేను చెప్పబోతే తాతకు దగ్గులు నేర్పినట్టవుతుంది. నందన సంవత్సరం డొక్కల కరువు 1832-33లో మన తీరజిల్లాలను ఊడ్చేసింది. పక్కనే నిండుగోదావరి సముద్రంలో కలుస్తుండగా జనం తిండిలేక చచ్చారు. 1847లో ధవళేశ్వరం దగ్గర పని మొదలై, నాలుగు పాయలకు అడ్డంగా ఆనకట్ట 1852లో పూర్తయింది. 1861లో ఆయనకు సర్ బిరుదు వచ్చింది. 1899లో, తొంభై ఆరో ఏట, ఇంగ్లండులో పోయాడు.

ఇందులో ఇంకొక సంగతి గమనించాలి. ఆయన జీవితచరిత్ర 1900లో వెలువడింది. రాసింది లేడీ హోప్. ఆమె ఎవరో పేరును బట్టి తెలుస్తుందా? ఆమె ఆయన కూతురు ఎలిజబెత్ కాటన్, 1842లో టాస్మేనియాలో పుట్టింది. అడ్మిరల్ హోప్‌ను పెళ్లాడి హోప్ అయింది. తండ్రి కథను లోకానికి దక్కించిన మనిషి పేరులో తండ్రి ఇంటిపేరు లేదు. కోనింగ్టన్ ఎస్టేటు కాటన్‌లకు తెచ్చిన ఇల్లాలి పేరూ ఆ ఇంటిమీద లేదు. ఇంటిపేరు చెప్పేది సగం కథ. తక్కిన సగం ఆడవాళ్లది, అది ఎవరైనా రాసిపెడితేగాని నిలవదు.

ఇప్పుడు మన ఇంటికి వస్తాను. ఇక్కడున్నవారిలో ఎందరికి తమ అమ్మమ్మ పుట్టినింటి పేరు తెలుసు? నాయనమ్మ పుట్టినింటి పేరు? మనం సర్వీసులో ఉండగా ఇంటిపేరును పొడి అక్షరం చేసి ముందు పెట్టుకున్నాం. మన పిల్లలు పాస్‌పోర్టు కోసం దాన్ని చివరకు తీసుకుపోయారు. అమెరికాలో పుట్టిన మనుమలకు అది పలకడానికి బరువైన మాటైంది. మరో తరం పోతే, అది ఏ ఊరి పేరో చెప్పేవాడుండడు. కాటన్ అంటే పత్తి అనుకున్నట్టే, మన పేర్లకూ ఎవరికి తోచిన అర్థం వారు చెబుతారు.

ఇది కాలక్షేపం మాట కూడా కాదు. సంఘంలో మనం నెలనెలా చూస్తున్నాం. భర్త పోయిన ఇల్లాలికి ఫ్యామిలీ పెన్షన్ ఆగిపోతుంది. కారణం ఏమిటంటే, సర్వీసు రిజిస్టరులో ఆమె పేరు పుట్టినింటి పేరుతో ఉంది, ఆధార్‌లో అత్తింటి పేరుతో ఉంది, బ్యాంకు పుస్తకంలో అసలు ఇంటిపేరే లేదు. నలభై ఏళ్లు కాపురం చేసిన మనిషి, తాను తానేనని నిరూపించుకోవడానికి ఆఫీసుల చుట్టూ తిరగాలి. ఇంగ్లండులో చర్చి గుమాస్తా మార్చిన ఒక అక్షరం కుటుంబం పేరును మార్చింది. మన దగ్గర ఒక అక్షరం ముసలమ్మ మందులు ఆపుతుంది.

కాబట్టి నా మనవి మూడు ముక్కలు. ఒకటి, ఈ వారంలోనే మీ పి.పి.ఓ., ఆధార్, బ్యాంకు పుస్తకం పక్కపక్కన పెట్టి, మీ పేరూ మీ ఇంటివారి పేరూ అక్షరం అక్షరం సరిచూసుకోండి. తేడా ఉంటే మీరు బతికుండగానే సరిచేయించండి. సరిచేయించడం చేతగానివారికి మన సంఘం కార్యాలయంలో సాయం చేసేవారున్నారు. రెండు, ఒక నోటుపుస్తకం తీసి మీకు తెలిసినంత మేర మీ ఇంటిపేరు ఏ ఊరిదో, ఆ ఊరినుంచి ఎప్పుడు, ఎందుకు వచ్చారో రాయండి. కరువుకో, చదువుకో, కాలువ తవ్వకానికో, ఉద్యోగానికో. గొప్పలు చేర్చకండి, మన ఇళ్లల్లో బ్రూస్‌లు అక్కరలేదు. తెలిసింది తెలిసినట్టు రాయండి. మూడు, ఆ పుస్తకంలో ఆడవాళ్ల పేర్లు వారి పుట్టినింటి పేర్లతో సహా రాయండి. ఇది రాయగలవారు ఇంట్లో ఒకే ఒక ముసలావిడ అయి ఉండవచ్చు. ఆమెను ఇవాళే అడగండి.

కూంబర్‌మియర్ భవంతిని కాటన్ వంశంవారు 1919లో అమ్మేశారు. కోనింగ్టన్ వారి గ్రంథాలు మ్యూజియం దాటి నేడు బ్రిటిష్ లైబ్రరీలో ఉన్నాయి. ఆస్తులు చేతులు మారాయి. గోదావరి జిల్లాల్లో మాత్రం ఆ పేరుగల మనిషి ఒక్కడూ లేకపోయినా, స్నానసంకల్పంలో ఆ పేరు తలచుకునే పెద్దలున్నారు. పుట్టుకతో వచ్చిన పేరు ఎక్కడినుంచి వచ్చామో చెబుతుంది. దానికి గౌరవం తెచ్చేది మాత్రం చేసిన పని. మనం చేసిన పని చిన్నదే కావచ్చు. ఫైలు సక్రమంగా రాశాం, అక్షరం తప్పు పోనివ్వలేదు. ఆ చేత్తోనే మన ఇంటి పుస్తకం కూడా రాసి పిల్లలకు అప్పగిద్దాం.